అలికిన చేతులు

2013లో హైదరాబాదులో ఒక సదస్సులో మా ఇంటి ఫోటోలు తెరమీద చూపించాను. రాయికల్‌లో మా తాత కట్టిన మట్టి ఇల్లు అది. మూరెడు మందం గోడలు, పైన గూనపెంక, ముందర అరుగు, నడిమి అర్రలో బాపు మగ్గం గుంట. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉండడానికి కారణమేమిటో, ఈ గోడలు మళ్ళీ మట్టిలో ఎట్లా కలిసిపోతాయో వివరించాను. సిమెంటు తయారీ నుంచి ప్రపంచంలో 7-8 శాతం కర్బన ఉద్గారాలు వస్తున్నాయని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు పెద్దలు వచ్చి, “మీ ఇంటిని కాపాడుకోండి, అది సంపద” అన్నారు.

దసరాకి ఇంటికి పోయినప్పుడు అవ్వకి ఆ ఫోటోలు చూపించాను. ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని, చేతులు ఆపకుండానే చూసింది.

“మంచిగనే ఉన్నది గని బిడ్డా, గీ ఇల్లు గింత మంచిగున్నదని చప్పట్లు కొట్టినోళ్ళల్ల ఒక్కలన్న వారం దినాలు వచ్చి అలుకుతరా?”

నవ్వేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పాత కట్టడాలను నిలబెట్టడం, పర్యావరణానికి చేటు చేయని ఇళ్ళు కట్టడం నా వృత్తి. ఆ వృత్తిలో నేను నేర్చుకోనిదేదో ఆ ఒక్క మాటలో ఉంది.

మా ఇల్లు ‘తాత కట్టిన ఇల్లు’. అందరూ అట్లాగే అంటారు, నేనూ అట్లాగే అన్నాను. మన్ను తొక్కింది నాయినమ్మ అని, కడుపుతో ఉండి కూడా చెరువు నుంచి తట్టలు మోసిందని అవ్వ చెబితేగానీ తెలియలేదు. కట్టడం ఒకసారితో అయిపోతుంది. నిలబెట్టడం మాత్రం రోజూ ఉంటుంది. పొద్దున్నే వాకిట్లో సాన్పి, వారానికి రెండుసార్లు పెండతో ఇల్లు అలుకుడు, పండగకు ముందు గోడలకు ఎర్రమన్ను పూత, కడపలకు జాజు, వానకాలం ముందు పెంకలు సర్దించడం. వాన పడ్డప్పుడు ఎక్కడ కారుతుందో చూసి గిన్నెలు పెట్టడం. మట్టిగోడ బతికి ఉండేది చేతులు తగిలినన్నాళ్ళే. ఒక్క ఏడాది పట్టించుకోకపోతే అడుగు నుంచి కరగడం మొదలవుతుంది.

ఆ చేతులు ఊరికే ఉన్న చేతులు కావు. బాపు మగ్గం మీద కూర్చుంటే కండెలు చుట్టింది అవ్వ. చీర బాపు నేసినట్టే లెక్క. కండెలకు లెక్క లేదు. మగ్గం ఆగిపోయాక ఇల్లు నడిచింది బీడీల మీద. మా దిక్కు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో ఎంతమంది పద్మశాలీల ఇళ్ళు అట్లా నడిచాయో నేను చెప్పనక్కర్లేదు. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతులు మలవడం, కట్టలు కట్టడం. వీటి మధ్యలో అలుకుడు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథ చదివినప్పుడు నాకు అవ్వ చేతులు గుర్తొచ్చాయి. ‘సుస్థిర నిర్మాణం’ మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ చేతులు కనబడలేదు.

ఆ బీడీల డబ్బుతోనే 1994లో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఆర్కిటెక్చర్ కాలేజీలో చేరాను. ఇంజనీరింగు కాదు, డాక్టరు కాదు, ఈ చదువేమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. “ఇండ్లకు నక్షలు గీస్తది” అని చెప్పేది అవ్వ.

చదువుకునే రోజుల్లో కొలతలు తీసుకోవడానికి కోఠి ఉమెన్స్ కాలేజీకి పోయాం. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ముందు సింహాల బొమ్మలు, పెద్ద పెద్ద స్తంభాలు, దర్బారు హాలు. ఆ వైభవం మధ్య ఆడపిల్లలు నోటు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని టిఫిన్లు తింటున్నారు. వెనక తోటలో ఆ భవనానికే ఒక చిన్న నమూనా ఉంది. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా పరదాలో ఉండేది గనుక ముందు వైపుకు వచ్చి భవనాన్ని చూసే వీలు లేదని, ఆమె చూడడానికే ఈ నమూనా కట్టించాడని చెప్తారు. కథ ఎంత నిజమైనా కాకపోయినా, ఆమె ఉన్న జనానా మాత్రం ఇప్పుడు లేదు. 1860 ప్రాంతంలో కూల్చేశారు. మగవాడి దర్బారు రెండు వందల ఏళ్ళు నిలిచింది. ఆడవాళ్ళ అంతఃపురం అరవై ఏళ్ళు కూడా నిలవలేదు. ఏది నిలబెట్టాలి, ఏది పడగొట్టాలి అని నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న నాకు అక్కడే మొదలై ఉండాలి. అప్పుడు నేను స్తంభాల కొలతలు మాత్రమే రాసుకుని వచ్చాను.

ఆ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో బాగుచేసి 2023లో తిరిగి తెరిచారు. 2024లో ఆ మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు కట్టించుకున్న భవనం మీద భూమి కోసం దొరను ఎదిరించిన చాకలామె పేరు! రాళ్ళను కాపాడడం కంటే ఇది పెద్ద పునరుద్ధరణ అనిపించింది నాకు.

చదువయ్యాక సున్నం నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనే అనాలి, కాలేజీలో ఎవరూ నేర్పలేదు. పాత గోడకు సిమెంటు పూత పూస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. మట్టి, సున్నం గోడలు తేమను పీల్చుకుని మళ్ళీ వదులుతాయి. పైన సిమెంటు పూస్తే తేమకు బయటికి దారి ఉండదు. లోపలే ఉండి ఉప్పు పేరుకుంటుంది. పైకి గోడ నున్నగా కనబడుతూనే లోపల గుల్లబారిపోతుంది. అందుకే మళ్ళీ గానుగ సున్నం, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. నానబెట్టిన సున్నాన్ని ఎంత ఆగి వాడితే అంత మంచిది. ఈ పనికి తొందర పనికిరాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పదీస్తే, తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి 8 వచ్చింది. ఆరోజు శివరాత్రి, మహిళా దినం కూడా. రెండోదాన్ని ఎవరూ తలచుకున్నట్టు లేదు.

నేను పనిచేసిన ప్రతి చోటా సున్నం జల్లెడ పట్టేది ఆడవాళ్ళే. నానబెట్టేదీ, కలిపేదీ, తట్టల్లో మోసేదీ వాళ్ళే. సున్నానికి చేతులు పొక్కిపోయేదీ వాళ్ళకే. తాపీ పట్టేది మాత్రం మగవాళ్ళు. ఆడకూలీ ఇరవై ఏళ్ళు పనిచేసినా మేస్త్రి కాదు. ఆమె పక్కనే తట్ట అందుకున్న పదహారేళ్ళ పిల్లవాడు ఐదేళ్ళలో మేస్త్రి అయిపోయి ఆమె మీదే కేకలేస్తాడు. కూలీలోనూ తేడా ఉంటుంది. ఆ తేడా ఎందుకని అడిగితే, “ఆమె మోసుడే కద మేడమ్” అంటారు.

ఒకచోట ఒకామె ఉండేది. సున్నం ముద్దని చేత్తో నొక్కి చూసి, “ఇది ఇంకా పండలే” అనేది. నేను పుస్తకం తీసి లెక్కలు చూసుకుని అదే మాట చెప్పేదాన్ని. వెనక వైపు గోడ పూత ఆమె చేత వేయించమని పట్టుబట్టాను. మేస్త్రి నవ్వాడు. “ఆడోళ్ళు గోడెక్కుతరా మేడమ్?” ఎక్కింది. మూడు రోజుల్లో పూసింది. ముందు వైపు గోడల్లో సన్నటి బీటలు వచ్చాయిగానీ ఆమె పూసిన గోడలో రాలేదు. తర్వాతి పనికి కాంట్రాక్టరు ఆమెను పిలవలేదు. ‘గోడెక్కిన’ ఆడమనిషి మిగతా కూలీలను చెడగొడుతుందని అన్నాడట. నాకు ఈ సంగతి చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి నేను వేరే పనిలో ఉన్నాను. ఆమె ఎక్కడికి పోయిందో వెతకలేదు. ఆ పని గురించి నేను రాసిన నివేదికలో సున్నం పాళ్ళు ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి, కాంట్రాక్టరు పేరు ఉంది. ఆమె పేరు లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తర్వాత మా జిల్లాలోనే ఒక ఊళ్ళో గడి కొలతలు తీసుకునే పని వచ్చింది. మా దిక్కు గడి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు 1978 సెప్టెంబరు 7 కూడా తెలుసు. జగిత్యాల జైత్రయాత్ర రోజు. వెట్టికి, దొరతనానికి వ్యతిరేకంగా వేలమంది కూలీలు, రైతులు జగిత్యాలకు నడిచి వచ్చారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు పట్నాలు చేరారు, గడులు ఖాళీ అయ్యాయి. కొన్ని కూలిపోయాయి, కొన్ని బడులు, ఆఫీసులు అయ్యాయి. ఇప్పుడు వాటిని ‘వారసత్వ సంపద’ అంటున్నాం.

ఆ గడికి చెక్కిన టేకు స్తంభాలు, నడుమ పెద్ద భవంతి వాకిలి, నగిషీ పని ఉన్న సింహద్వారం. రెండు రోజులు ఆ సింహద్వారమే గీశాను. మూడో రోజు ఒక ముసలామె వచ్చి నా పక్కన నిలబడింది. వాళ్ళ ఇంటివాళ్ళు ఆ గడికి బట్టలుతికేవాళ్ళు.

“గీ గడిని నిలబెట్టి ఏం చూపిస్తవ్ బిడ్డా?”

ఏదో చెప్పబోయాను. ఆమె వినిపించుకోకుండా వెనక్కి తీసుకుపోయింది. అక్కడ తలవంచుకుంటేనే పట్టే ఒక చిన్న దర్వాజ ఉంది.

“నువ్వు గీసింది మేమెన్నడు తొక్కలే. మేం గీ దర్వాజల నుంచే వచ్చేటోళ్ళం. రమ్మన్నప్పుడు రావాలె, పొమ్మన్నప్పుడు పోవాలె. పొద్దుందాక రాకుంటే ఎందుకు రాలేదని అడిగేటోళ్ళు. పొద్దుగూకినంక పిలిస్తే ఎందుకని మేం అడగద్దు.”

అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు. నా కాగితం మీద ఆ దర్వాజ గోడలో ఒక ఖాళీ మాత్రమే. రెండు గీతల మధ్య తెల్లటి చోటు.

ఆ రాత్రి మళ్ళీ గీశాను. వెనక దర్వాజ ఎత్తు, వెడల్పు, అక్కడి నుంచి బట్టలు, ధాన్యం, మనుషులు పోయే దారి, ఏ అర్రదాకా ఎవరికి అనుమతి ఉండేదో, అన్నీ. గడిని కూల్చేయాలని నేను అనను. కూల్చేస్తే ఆ వెనక దర్వాజ కూడా పోతుంది, జరిగిందానికి సాక్ష్యం పోతుంది. కానీ సింహద్వారానికి రంగులేసి, విద్యుద్దీపాలు పెట్టి, వెనక దర్వాజను ఇటుకలతో మూసేసే పనిని పరిరక్షణ అనడానికి నాకిక నోరు రాదు.

2018లో బాపు చనిపోయాడు. మరుసటి ఏడాది అన్న దుబాయి నుంచి వచ్చాడు. అన్న అక్కడ షట్టరింగు పని చేస్తాడు. ఇల్లు కూలగొట్టి స్లాబు వేద్దామన్నాడు. నేను వద్దన్నాను. మట్టిగోడల గొప్పతనం గురించి, హైదరాబాదులో చెప్పినట్టే, చెప్పడం మొదలుపెట్టాను. అన్న మధ్యలోనే ఆపేశాడు.

“నలభై అంతస్తుల బిల్డింగులకు స్లాబులు పోసినోణ్ణి చెల్లే. మా అవ్వకు ఒక్క స్లాబు వెయ్యలేనా? నువ్వు పట్నంల ఫ్లాటుల ఉంటవు, అవ్వ మట్టింట్ల ఉండాలెనా?”

నా దగ్గర జవాబు లేదు. నేనున్న ఫ్లాటు సిమెంటుదే.

గొడవ అక్కడితో ఆగలేదు. ఇల్లు తన పేరున మారిస్తేనే డబ్బు పెడతానన్నాడు. నన్ను హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమన్నారు. “చీర పెడతం, సంతకం పెట్టిపో” అన్నారు పెద్దమనుషులు, అదేదో పండగ ముచ్చట అయినట్టు. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు 1985లోనే వచ్చింది. దేశమంతటా 2005లో వచ్చింది. చట్టం వచ్చిన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ హక్కు ఊళ్ళోకి రాలేదు, పట్నంలోనే ఆగిపోయింది. ఇళ్ళ గురించి ఊరూరా తిరిగి మాట్లాడే నేను, నేను పుట్టిన ఇంట్లో నాకు వాటా ఉందని గట్టిగా అనడానికి గొంతు పెగల్లేదు. అంటే తోడబుట్టినోడిని కోర్టుకు ఈడ్చిందంటారు. అనకపోతే చదువుకుని ఏం లాభం అని నాకే అనిపిస్తుంది.

చివరికి నేను అడిగింది ఒకటే. ఇల్లు అవ్వ పేరున ఉండాలి. అట్లయితే సంతకం పెడతాను. పెద్దమనుషులు ఆశ్చర్యపోయారు. “ముసలామె పేరున ఎందుకు?” అన్నారు. ఇందిరమ్మ ఇల్లు ఇల్లాలి పేరున ఇస్తే ఎవరూ ఎందుకని అడగరు. సొంత ఇల్లు ఇల్లాలి పేరున పెట్టాలంటే మాత్రం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అన్న ఒప్పుకున్నాడుగానీ రెండేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అంటారు. ఆ ‘చూడు’ అన్నది ఎప్పుడూ మగవాడితో అన్న మాటే. ఈసారి అవ్వని అడిగాను, నీకేం కావాలని. అట్లా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. కాసేపు ఆలోచించి వేళ్ళు మడిచింది.

“పాయఖానా లోపట ఉండాలె. రాత్రి చెంబు పట్టుకొని పెరట్లకు పోవుడు బంద్ కావాలె. అలికే పని ఉండద్దు. కోతులు పెంకలు పీకద్దు. అరుగు తియ్యద్దు.”

నాలుగే. మట్టి అనలేదు, సిమెంటూ అనలేదు. మేమిద్దరం మాత్రం ఏడాదిపాటు ఆ రెండు మాటల మీదే కొట్లాడుకున్నాం.

అరుగు ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు. కొత్త ఇళ్ళలో అరుగులు లేవు. గోడ రోడ్డు మీదకే వస్తుంది, లేదా ఇనుప గేటు ఉంటుంది. బీడీలు చేసే ఆడవాళ్ళకు అరుగే కార్ఖానా. వెలుతురు అక్కడ ఉంటుంది, గాలి అక్కడ ఉంటుంది, తంబాకు ఘాటు ఇంట్లో నిలవదు. అంతకంటే, నలుగురూ కలిసి కూర్చునేది అక్కడే. ఏ కంపెనీ ఆకు తక్కువిస్తోంది, ఎవరికి పీఎఫ్ రాలేదు, ఎవరి మొగుడు తాగి కొట్టాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. అరుగు పోతే వాళ్ళు ఎవరి అర్రలో వాళ్ళు, టీవీ ముందు, ట్యూబులైటు కింద ఒంటరిగా చుట్టాలి. ఇది ఏ ఆర్కిటెక్చర్ పుస్తకమూ చెప్పని సంగతి.

ఇల్లు కొంత ఉంచాం, కొంత కూల్చాం. వెనక వంటిల్లు, స్నానాలగది, పాయఖానా రామగుండం బూడిద ఇటుకలతో కట్టి పైన అన్న కోరిన స్లాబు వేశాం. నడిమి అర్ర మట్టిగోడలు ఉంచి, కింద షాబాద్ బండలు పరిచాం. లోపలి గోడలకు సున్నం పూత. కరిగిపోయిన అడుగు భాగం మళ్ళీ కట్టడానికి మన్ను కావాల్సి వస్తే అవ్వే చెరువు దగ్గరికి వచ్చింది. పిడికిట్లో ముద్ద చేసి కింద పడేసి చూసి, “ఇంట్ల ఇసుక ఎక్కువున్నది, అటు దిక్కు తవ్వుండి” అంది. నేను డబ్బు కట్టి నేర్చుకున్న పరీక్ష అది. పెంకల మీద ఇనుప జాలి వేశాం. రెండో ఏడు కోతులు ఒక మూల జాలి ఊడబీకాయి. అవ్వ ఫోన్ చేసి మరీ చెప్పింది. అన్న ముందు నా పరువు అక్కడ పోయింది.

మా దిక్కు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. స్లాబు కింద మధ్యాహ్నం నుంచి నడిరాత్రి దాకా పొయ్యి మీద ఉన్నట్టే. అవ్వ నడిమి అర్రలో, పూడ్చేసిన మగ్గం గుంట ఉన్న చోట పడుకుంటుంది. మగ్గం గుంటలో తడి ఆరకుండా, దారం తెగకుండా ఉండేది ఆ గోడల వల్లే. అన్న సెలవుకు వచ్చినప్పుడు అతనూ అక్కడే పడుకుంటాడు. నేనేమీ అనను. పొద్దున పాయఖానా నుంచి వస్తూ అవ్వ, “మీ అన్న స్లాబు మంచిగేసిండు” అంటుంది. అప్పుడూ నేనేమీ అనను.

ఇప్పుడు పాత ఇల్లు ఏదైనా కొలవడానికి పోయినప్పుడు నా కాగితంలో ఒక గడి ఎక్కువ ఉంటుంది. కట్టించినవారు, కాలం, వాడిన సామగ్రి, వీటి కింద ‘దీన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది ఎవరు’ అని రాస్తాను. చాలా ఇళ్ళలో మగవాళ్ళు ఆ ప్రశ్నకు తమ తాత పేరే చెప్తారు. అప్పుడు వంటింటి వైపు చూసి మళ్ళీ అడుగుతాను. నిలబెట్టమని సలహా ఇచ్చేముందు, ఇక మీదట ఆ పని ఎవరు చేస్తారని, దానికి ఎవరు డబ్బు ఇస్తారని కూడా అడుగుతాను. జవాబు ‘ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారు’ అయితే, ఆ ఇల్లు పర్యావరణానికి ఎంత మేలు చేసినా దాన్ని సుస్థిరమని రాయను. ఒకరి నడుము విరిగితేగానీ నిలవనిది సుస్థిరం ఎట్లా అవుతుంది?

మా ఇంటి కాగితం కూడా నింపాను. అవ్వకి చదివి వినిపించాను. నాయినమ్మ పేరు, తన పేరు విని చుడుతున్న బీడీ ఆపింది.

“అలికేటిదని రాసినవా?”

“రాసిన.”

“ఇప్పుడు అలుకుతలేనని గూడ రాయి” అంది.

రాశాను.